మార్గరెట్ వీధి ఆల్ సెయింట్స్ చర్చిని అంతగా ఎందుకు పొగుడుతారు?

థేమ్స్‌ఒడ్డు
ఈ వేదికలో విక్టోరియా కాలపు కట్టడాల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లండన్ మార్గరెట్ వీధిలోని ఆల్ సెయింట్స్ చర్చిని చూడమని చెబుతూనే ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌కు నాలుగు అడుగుల దూరమే కనుక మొన్న వెళ్ళి చూశాను. నిరాశే మిగిలింది. వీధిలోంచి చూస్తే చర్చి కనిపించదు, గేటు దాటి చిన్న వాకిట్లోకి అడుగుపెడితే శిఖరం కోసం మెడ వెనక్కి విరుచుకోవాలి. లోపల చీకటి, ఆ చీకటిలో వేలెడు ఖాళీ కూడా వదలకుండా గోడలమీద రంగులు, గళ్ళు, చారలు, బొమ్మలు. 1859లో ప్రతిష్ఠ జరిగిన ఈ భవనం పదమూడో శతాబ్దపు గోతిక్ (కోసు కమానుల మధ్యయుగపు శైలి) వేషం వేసుకున్న అనుకరణ కాక మరేమిటి? దీన్ని ఆధునిక వాస్తుకళకు ఒక మలుపుగా చెప్పేవారు దయచేసి కారణాలు కూడా చెప్పగలరా? తెలుసుకోవాలనే అడుగుతున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు.

మేస్త్రిగారబ్బాయి
రంగులు ఎక్కువయ్యాయని మొదటి వాక్యాల్లోనే తేల్చేశారు కనుక ఈ చర్చ కనీసం నలభై జాబులు సాగుతుందని నా అంచనా. కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

శిల్పప్రియ
థేమ్స్‌ఒడ్డు గారు ఫిర్యాదుగా చెప్పిన ప్రతి అంశమూ ఆ వాస్తుశిల్పికి స్థలం పెట్టిన పరీక్షే కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. విలియం బటర్‌ఫీల్డ్ చేతికి దొరికినది సుమారు నూరడుగుల చదరపు నేల, దానికి మూడు వైపులా అప్పటికే ఇళ్ళు. ఆ కాస్త చోటులో చర్చి, గురువుల (పాస్టర్ల) నివాసం, గాయక బాలుర పాఠశాల మూడూ ఇమడాలి. సాధారణంగా ఎవరైనా చర్చిని వీధి ముఖాన పెట్టి మిగిలినవాటిని వెనక్కి నెట్టేవారు. ఆయన చర్చిని స్థలం వెనుక అంచుకు జరిపి, వీధివైపు రెండు పక్కలా నివాసాన్నీ పాఠశాలనూ నిలబెట్టి, మధ్యలో వాకిలి వదిలారు. వీధి రద్దీకీ ఆరాధన స్థలానికీ మధ్య ఆ వాకిలి ఒక గడపలా పనిచేస్తుంది. ఇక మీ మెడ నొప్పికి కారణమైన శిఖరం ఎత్తు 227 అడుగులు, అంటే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ జంట గోపురాలకన్నా కాస్త ఎక్కువ. పక్కకు పెరిగే వీలు లేని చోట కట్టడం నిటారుగా లేచింది.

లోపల చీకటికీ స్థలమే కారణం. ఉత్తరపు గోడకు, బలిపీఠం వెనుక ఉన్న తూర్పు గోడకు ఇరుగుపొరుగు కట్టడాలు ఆనుకుని ఉండటంతో అక్కడ కిటికీలకు తావు లేదు. తూర్పు కిటికీ లేని ఆంగ్లేయ చర్చి అంటే ఆ రోజుల్లో పెద్ద లోటు. బటర్‌ఫీల్డ్ ఆ గోడ మొత్తాన్ని చిత్రాలకు అప్పగించారు. ఉత్తరపు గోడను తరువాత 1870ల్లో పింగాణీ పలకలమీది బైబిలు దృశ్యాలతో నింపారు. వెలుతురు ముఖ్యంగా పడమటి పెద్ద కిటికీనుంచీ, పైవరుస కిటికీలనుంచీ దిగుతుంది. పైగా మధ్య మండపం పొడవు మూడు కమానులే. అంత పొట్టి మండపం ఇరుకుగా కాక గంభీరంగా అనిపించడానికి దాని ఎత్తే కారణం. మీరు వెళ్ళినది మధ్యాహ్నం తరువాతో ముందో తెలియదు కానీ, పడమటి వెలుగు పడే వేళకు మరోసారి చూడమని నా మనవి.

థేమ్స్‌ఒడ్డు
శిల్పప్రియ గారి వివరణ స్థలం విషయంలో ఒప్పుకోదగినదే. అయితే ఇరుకు చోటులో తెలివిగా సర్దడం వేరు, అందంగా కట్టడం వేరు. పైగా రంగుల గురించి మీరు మాట్లాడనేలేదు.

మేస్త్రిగారబ్బాయి
ఇటుకల గురించి ఎవరైనా చెబుతారా? మా ఊళ్ళో తాతల నాటినుంచీ ఇటుక కట్టుబడి చేసిన కుటుంబం మాది. చర్చి అంటే రాతి కట్టడమే గొప్ప అనుకునే రోజుల్లో ఇటుక వాడింది డబ్బు ఆదాకోసమా?

శిల్పప్రియ
ఆదా ఏమీ కాలేదు. గులాబీ ఛాయ ఉన్న ఆ ఎర్ర ఇటుక ఎంత మేలురకమంటే, రాయి వాడినా అంతకన్నా తక్కువే అయ్యేదని చెబుతారు. స్థలంతో కలుపుకొని మొత్తం ఖర్చు దాదాపు 70,000 పౌండ్లకు చేరింది. ఇటుకమీద 1784నుంచీ ఉన్న పన్నును బ్రిటిష్ ప్రభుత్వం 1850లో ఎత్తివేసింది, పునాదిరాయి పడినదీ ఆ సంవత్సరమే. అయినా ఇక్కడి ఎంపిక పన్ను లెక్కలతో జరిగినది కాదు. లండన్ ఇళ్ళన్నీ ఇటుకవే, చర్చి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పల్లెటూరి రాతి చర్చికి నకలు కట్టడం అప్పటి అలవాటు. నగరపు చర్చి నగరపు సరుకుతోనే కట్టాలన్నది ఇక్కడి వాదన.

థేమ్స్‌ఒడ్డు గారి రంగుల ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది. బయటి గోడమీద మీరు చూసిన నల్ల పట్టీలు, అడ్డదిడ్డపు గీతలు పైన పూసినవి కావు. ఎర్ర ఇటుకల వరుసల మధ్య నల్ల ఇటుకలు పేర్చుకుంటూ పోగా గోడతోపాటే లేచిన అలంకారం అది. లోపల కూడా స్తంభాలది స్కాట్లండ్ ఎర్ర గ్రానైట్ రంగు, స్తంభశీర్షాలది అలబాస్టర్ అనే మెత్తని రాతి రంగు, నేలది పలకల రంగు. సున్నం వేసి రంగు పూయడం కాకుండా, కట్టే వస్తువే రంగును మోయాలన్న నియమాన్ని ఒక పూర్తి భవనంలో ఇంత పట్టుదలతో పాటించిన తొలి విక్టోరియా చర్చి ఇదే. అనుకరణ అన్నారు కనుక చెబుతున్నాను, పదమూడో శతాబ్దపు ఇంగ్లండులో ఇలాంటి గోడ ఒక్కటి కూడా లేదు.

మేస్త్రిగారబ్బాయి
రాయికన్నా ఇటుకకు ఎక్కువ ఖర్చు పెట్టించిన ఆ బటర్‌ఫీల్డ్ గారు మా నాన్నగారి దగ్గర పనికి కుదిరి ఉంటే మొదటి వారంలోనే లెక్కల పుస్తకం ఆయన చేతిలోంచి లాగేసుకునేవారు. కానీ నల్ల ఇటుక వరుస తప్పకుండా శిఖరం మొదలుదాకా పట్టీ నడపడం ఎంత కష్టమో తాపీ పట్టినవాడికే తెలుస్తుంది. ఒక్క వరుసలో సున్నం మందం అటూ ఇటూ అయితే పైన గీత ఒంకర పోతుంది.

చరిత్రపురుగు
వాస్తుకళ మాత్రమే చూస్తే ఈ చర్చి సగమే అర్థమవుతుంది. అసలు ఇది ఒక ఉద్యమం తన కోరికలన్నీ ఒకేచోట చూపడానికి కట్టించుకున్న నమూనా. ఈ స్థలంలో అంతకుముందు పద్దెనిమిదో శతాబ్దపు సాదాసీదా మార్గరెట్ చాపెల్ ఉండేది. 1839లో ఫ్రెడరిక్ ఓక్లీ అక్కడ గురువుగా చేరాక ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి అది లండన్‌లో ముఖ్య కేంద్రమైంది. ఆంగ్లికన్ సంఘం తన ప్రాచీన సంస్కారాలను, ముఖ్యంగా ప్రభు భోజన సంస్కారాన్ని, తిరిగి ఆరాధన మధ్యలోకి తీసుకురావాలన్నది ఆ ఉద్యమం పట్టు. తరువాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ కూడా ఆ చాపెల్‌కు వెళ్ళేవారు. ఓక్లీ 1845లో రోమన్ కథోలిక సంఘంలో చేరిపోగా, ఆ తరువాతి బాధ్యత విలియం అప్టన్ రిచర్డ్స్ మీద పడింది. కొత్త చర్చికి మొదటి వికార్ ఆయనే.

అదే 1839లో కేంబ్రిడ్జిలో కొందరు యువకులు కామ్డెన్ సంఘం స్థాపించారు, అది తరువాత ఎక్లీసియలాజికల్ సంఘమైంది. చర్చి ఎలా కట్టాలి, బలిపీఠం ఎంత ఎత్తులో ఉండాలి, జనం ఎక్కడ కూర్చోవాలి అన్న విషయాల్లో వీరంత కచ్చితంగా తీర్పులిచ్చినవారు ఆ శతాబ్దంలో లేరు. డబ్బున్న కుటుంబాలు అద్దె కట్టి తాళం వేసుకునే పెట్టెల్లాంటి బెంచీలను వీరు తీవ్రంగా వ్యతిరేకించారు. ఈ సంఘం తలపెట్టిన ఆదర్శ చర్చికి, చాపెల్ స్థానంలో కొత్త చర్చి కావాలన్న రిచర్డ్స్ కోరికకు ముడి పడి ఆల్ సెయింట్స్ పుట్టింది. సంఘం తరఫున పని నడిపించిన వ్యక్తి పార్లమెంటు సభ్యుడు అలెగ్జాండర్ బెరెస్‌ఫర్డ్ హోప్. డబ్బు సమకూర్చిన వారిలో హెన్రీ ట్రిటన్ అనే బ్యాంకరు పాత్ర పెద్దది.

1850 నవంబరులో పునాదిరాయి వేసినవారు ఆక్స్‌ఫర్డ్ ఉద్యమ నాయకుల్లో ఒకరైన ఎడ్వర్డ్ ప్యూసీ. ఆ నెల లండన్ వాతావరణం ఎలా ఉందో గమనించాలి. పోపు ఇంగ్లండులో కథోలిక పీఠాలను తిరిగి నెలకొల్పుతున్నట్టు ఆ సెప్టెంబరులో ప్రకటించారు, దేశమంతా ఆగ్రహంగా ఉంది, పిమ్లికోలోని సెయింట్ బార్నబస్ చర్చిలో రోమన్ పద్ధతుల ఆరాధన జరుగుతోందని ఆ నవంబరులోనే అల్లరిమూకలు గొడవ చేశాయి. అలాంటి రోజుల్లో ప్యూసీ చేత పునాదిరాయి వేయించడం ఎదురు నిలవడమే. వాకిలి వెనుక చర్చి నక్కినట్టు కనిపించవచ్చు గానీ దాని శిఖరం మాత్రం నక్కలేదు.

గుంటూరు_గంట
చరిత్రపురుగు గారి చివరి మాటకు నా అనుభవం చేరుస్తాను. నేను గుంటూరులో లూథరన్ కుటుంబంలో పెరిగాను. మా చర్చిలో తెల్ల గోడలు, చక్క బెంచీలు, అందరి కళ్ళూ ప్రసంగవేదికమీదే. లండన్‌లో ఒక సహోద్యోగి పిలిచినందున ఆల్ సెయింట్స్‌లో ఆదివారపు పెద్ద ఆరాధనకు వెళ్ళాను. ఖాళీ చర్చిని చూసినప్పుడు నాకూ థేమ్స్‌ఒడ్డు గారి భావమే కలిగింది. ఆరాధన మొదలై, సాంబ్రాణి పొగ మండపం మీదికి లేచి, గాయకబృందం పాడుతుంటే ఆ రంగుల్లో సగం పొగలో కరిగి, బలిపీఠం గోడ ఒక్కటే మెరుస్తూ నిలిచింది. మండపానికీ బలిపీఠం ఉన్న భాగానికీ మధ్య ఎత్తైన తెర లేకుండా పొట్టి పాలరాతి గోడ మాత్రమే ఎందుకు పెట్టారో కూడా అప్పుడే అర్థమైంది. వెనుక కుర్చీలోంచి కూడా బల్ల దగ్గర జరిగేదంతా కనబడుతుంది. ప్రసంగం వినడానికి కట్టిన చర్చిలతో దీన్ని పోల్చి చూడటం న్యాయం కాదని నా అభిప్రాయం, అయితే నా ప్రాణం ఇప్పటికీ తెల్ల గోడలకే అలవాటు పడి ఉంది.

థేమ్స్‌ఒడ్డు
గుంటూరు_గంట గారు చెప్పినది నాకు తోచని కోణం, ఒక ఆదివారం తప్పక వెళతాను. అయినా చరిత్రపురుగు గారిని ఒకటి అడగాలి. ఉద్యమం గొప్పదైనంత మాత్రాన అది కట్టించిన గోడ గొప్పదవుతుందా?

పాతకోట
ఆ ప్రశ్న బెరెస్‌ఫర్డ్ హోప్ గారినే అడగవలసింది. చర్చి పూర్తయ్యేనాటికి ఆయనకూ బటర్‌ఫీల్డ్‌కూ బాగా చెడింది. లోపలి రంగుల విషయంలో ఆయనకే తృప్తి లేదు. అంటే, థేమ్స్‌ఒడ్డు గారూ, మీ పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆ చర్చి కట్టించినవాడే.

శ్రావణమేఘం
బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి కూడా విక్టోరియా కాలపు గోతిక్ కట్టడమే కదా? 1847లో రాణి సొంత డబ్బుతో కట్టించారని, ఎలిజబెత్ రాణి 1983 నవంబరులో అక్కడ ఆరాధనకు వచ్చారని మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ ఈ చారలు గీరలు ఏమీ లేవు, కంటికి హాయిగా ఉంటుంది.

శిల్పప్రియ
ఆ రెండిటి మధ్య ఎక్కువ ఏళ్ళు లేకపోయినా తేడా అంతా ఆ కొద్ది ఏళ్ళలోనే వచ్చింది. 1840లలో గోతిక్ అంటే పాత ఆంగ్లేయ పల్లె చర్చిని వీలైనంత నిజాయితీగా తిరిగి కట్టడం. గోతిక్ పునరుద్ధరణకు వాదించిన వాస్తుశిల్పి పూజిన్ రాతలు నేర్పిన పాఠం అదే. ఆల్ సెయింట్స్‌తో ఆ పాఠం దాటి, ఇటలీ రంగులను, ఉత్తర ఐరోపా ఇటుకను, ఆంగ్లేయ ప్రణాళికను కలిపి కొత్తది కట్టవచ్చన్న ధైర్యం వచ్చింది. జార్జి ఎడ్మండ్ స్ట్రీట్ పిమ్లికో ప్రాంతంలో కట్టిన సెయింట్ జేమ్స్ ద లెస్ చూస్తే ఆ ప్రభావం వెంటనే కనిపిస్తుంది. బటర్‌ఫీల్డ్ తానే తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో కీబుల్ కళాశాలను చారల ఇటుకతో కట్టి మరింతమందికి తలనొప్పి తెప్పించారు.

భారతదేశంలో బటర్‌ఫీల్డ్ చేతిపని చూడాలనుకునేవారు ముంబయి కొలాబాలోని ఆఫ్ఘన్ చర్చికి వెళ్ళవచ్చు. ఆ భవనం ఆయనది కాదు గానీ, లోపలి పలకలు, తెర, బెంచీల రూపకల్పన ఆయనదే. 1858లో ప్రతిష్ఠ జరిగింది, అంటే మార్గరెట్ వీధి పని ఇంకా సాగుతున్న రోజుల్లోనే.

పాతకోట
రంగుల ఘనతంతా కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌దే అని చదివాను. ఇటలీ గోడలను పొగడుతూ ఆయన రాసినవి చదివాకే ఆంగ్లేయులు చారలు పేర్చడం మొదలుపెట్టారట.

చరిత్రపురుగు
ఆ కాలక్రమం కుదరదు. రస్కిన్ వెనిస్ మీద రాసిన ప్రధాన సంపుటాలు 1853లో వచ్చాయి. అప్పటికి ఈ చర్చి గోడలు లేచి ఉన్నాయి. 1849లో ఆయన రంగు గురించి రాసిన మాటలు బటర్‌ఫీల్డ్ చదివి ఉండవచ్చు, ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను. 1853లో రస్కిన్ ఈ చర్చినే చూపి, ఆధునిక కాలంలో తాను చూసిన కట్టడాల్లో పిరికితనం, చేతకానితనం రెండూ లేనిది ఇదే మొదటిదన్న అర్థంలో మెచ్చుకున్నారు. అంటే ఆయన ఇక్కడ గురువు స్థానంలో లేరు, సాక్షి స్థానంలో ఉన్నారు.

మేస్త్రిగారబ్బాయి
లోపలి పని పూర్తికాకముందే మెచ్చుకున్నారన్నమాట. పూర్తయ్యాక చూసి ఉంటే హోప్ గారి పక్కన ఇంకో కుర్చీ వేయవలసి వచ్చేదేమో.

శ్రావణమేఘం
గాయక బాలుర పాఠశాల అన్నారు, అది ఇప్పుడూ నడుస్తోందా?

చరిత్రపురుగు
లేదు, 1968లో మూతపడింది. ఇప్పుడు పెద్దల గాయకబృందం పాడుతుంది. నటుడు లారెన్స్ ఒలీవియే చిన్నతనంలో అక్కడే చదివి గాయకబృందంలో పాడారు. పదేళ్ళ వయసులో పాఠశాల నాటకంలో ఆయన వేసిన వేషం చూసి మహానటి ఎలెన్ టెర్రీ అప్పుడే మెచ్చుకున్నారు. దీనికన్నా ఎక్కువ గుర్తుంచుకోవలసినది అక్కడ 1851లో మొదలైన ఆల్ సెయింట్స్ సన్యాసినుల సంస్థ. హారియెట్ బ్రౌన్లో బైరన్ స్థాపించిన ఆ సంస్థ 1862నుంచి యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రిలో నర్సింగ్ బాధ్యతలు చూసింది, తరువాత బొంబాయిలోనూ పనిచేసింది. గోడల రంగులు చూసి ఇది ధనికుల అలంకార చర్చి అనుకునేవారు ఆ సన్యాసినుల పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

థేమ్స్‌ఒడ్డు
బలిపీఠం వెనుక గోడ చిత్రాల మీద ఎవరూ వివరంగా రాయలేదు. నాకు నచ్చినది అదొక్కటే. అవి బటర్‌ఫీల్డ్ కాలంనాటివేనా?

పాతకోట
అక్కడే నాకు అసలు అభ్యంతరం ఉంది. మొదట ఆ గోడమీద చిత్రాలు వేసినవారు విలియం డైస్. లండన్ మసి, గ్యాస్ దీపాల పొగ తగిలి అవి ఎంతో కాలం నిలవలేదు. చివరికి 1909లో నినియన్ కాంపర్ అనే వాస్తుశిల్పి బంగారు పూతగల పలకలమీద అదే అమరికను కొత్తగా చిత్రించి నిలబెట్టారు. అంటే థేమ్స్‌ఒడ్డు గారు మెచ్చుకున్నది విక్టోరియా కాలపు పని కాదు, ఎడ్వర్డ్ రాజు కాలపు చేతి పని. బటర్‌ఫీల్డ్ మొరటు బలాన్ని కాంపర్ సున్నితత్వం మెత్తబరిచిందని నా ఉద్దేశం. చర్చిని కాపాడాలంటే బటర్‌ఫీల్డ్ ఉద్దేశానికి దగ్గరగా తీసుకుపోవాలి.

శిల్పప్రియ
పాతకోట గారితో ఇక్కడ గట్టిగా విభేదిస్తున్నాను. బటర్‌ఫీల్డ్ ఉద్దేశం అంటే ఏ సంవత్సరపు ఉద్దేశం? పడమటి కిటికీకి మొదట ఫ్రెంచి కళాకారుడు జెరాంత్ చేసిన అద్దాలు ఉండేవి. అవి బటర్‌ఫీల్డ్‌కే నచ్చక, 1877లో అలెగ్జాండర్ గిబ్స్ చేత కొత్తవి చేయించారు. ఆ గిబ్స్ చేతనే ఉత్తరపు గోడ పలకలు కూడా వేయించారు. 1859 నాటి చర్చిని తిరిగి తేవాలంటే ఆ వాస్తుశిల్పి స్వయంగా చేసిన మార్పులనే తొలగించాలి. 1877లో విలియం మోరిస్ ప్రాచీన భవనాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించినది సరిగ్గా ఇలాంటి పనికి అడ్డుపడటానికే. మధ్యయుగపు చర్చిలను ఏదో ఒక ఊహించిన శుద్ధ రూపానికి తెస్తామని విక్టోరియా కాలపు వాస్తుశిల్పులు తరువాతి శతాబ్దాల పనిని గీకి పారేస్తుంటే ఆయన సహించలేకపోయారు. మధ్యయుగపు చర్చిలకు వద్దన్న పద్ధతి విక్టోరియా చర్చికి మాత్రం ఎలా సరిపోతుంది?

పాతకోట
వాస్తుశిల్పి తన జీవితకాలంలో చేసుకున్న మార్పు వేరు, 1900లో ఆయన పోయాక మరొకరు చేసినది వేరు. 1877 అద్దాలు ఉండాలి, 1909 పలకలు ప్రదర్శనశాలకు పోవాలి. నా గీత అక్కడ గీస్తాను.

గుంటూరు_గంట
ఆ పలకలు తీసేస్తే వెనుక మిగిలేది మసిబారిన గోడ. ఆదివారం ఉదయం వచ్చే జనం దేన్ని చూస్తూ మోకరించాలి? అది పనిచేస్తున్న పారిష్ చర్చి అన్న సంగతి మీ ఇద్దరి వాదనలో జారిపోతోంది.

పాతకోట
ప్రభుత్వం మొదటి శ్రేణి రక్షణ ఇచ్చిన కట్టడం కనుక నా మాట విని ఎవరూ రేపే పలకలు ఊడదీయరు, గుంటూరు_గంట గారు నిశ్చింతగా ఉండవచ్చు. అభిప్రాయం మాత్రం మార్చుకోను.

థేమ్స్‌ఒడ్డు
ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క చోట ఎక్కువసేపు నిలబడి చూడాలంటే ఎక్కడ నిలబడమంటారు?

మేస్త్రిగారబ్బాయి
లోపలికి వెళ్ళకముందు వాకిట్లోనే. ద్వారం పక్కన ఉన్న ఆనుగోడ దగ్గర, కంటి ఎత్తులో నల్ల పట్టీ మూల తిరిగే చోట చూడండి. రెండు ముఖాల వరుసలు అక్కడ ఎలా కలిశాయో, సున్నం సందు ఎంత సన్నగా ఉందో గమనించి, వీలైతే ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. మా నాన్నగారికి చూపించాలి.

శిల్పప్రియ
నేను ఉత్తరపు గోడకు ఎదురుగా ఉన్న కుర్చీ చెబుతాను. ఆ పలకలు బాగాలేవని తేల్చడానికైనా తీరిగ్గా కూర్చోవడం అవసరం.